ఎస్టేటు భూమి ఎవరిది? ప్రకాశం కమిటీ వెనుక కథ

టంగుటూరి ప్రకాశం అనగానే 1928లో సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసులో తుపాకీకి ఎదురొడ్డిన గుండె గుర్తొస్తుంది. కోస్తా జిల్లాల భూమి తగాదాలు అర్థం కావాలంటే మాత్రం చూడాల్సింది 1937 జులై నుంచి 1939 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రిగా ఉన్న కాలం.

జమీందారీ ఎస్టేట్లలో జమీందారుకూ రైతుకూ నడిచిన తగువుకు మూలం 1802లో ఉంది. ఆ ఏడు వచ్చిన 25వ రెగ్యులేషన్ (కంపెనీ సర్కారు చట్టం) జమీందారుకు శాశ్వత సన్నదు, అంటే హక్కు పత్రం, ఇచ్చి, అతను సర్కారుకు కట్టే పేష్కషును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసింది. అందులో జమీందారును భూమికి హక్కుదారు అన్నారు. అదే ఏడు వచ్చిన 30వ రెగ్యులేషన్ రైతుకు పట్టా ఇవ్వాలంది. శిస్తు రేటు మీద పేచీ వస్తే పేష్కషు ఖాయం చేసిన ఈ శాశ్వత పరిష్కారానికి ముందటి ఏడాది ఆ భూములకు నడిచిన రేటు చూడమంది. మొదటిది జమీందార్లకు బాగా గుర్తుంది, రెండోది అందరూ మరిచిపోయారు. పేష్కషు కదలలేదు, రైతు శిస్తు పెరుగుతూ పోయింది. పైన నజరానాలు, మామూళ్లు, వెట్టి.

1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చింది. కానీ 28వ సెక్షన్‌లో ఒక మెలిక పెట్టింది: చట్టప్రకారం చెల్లుతున్న శిస్తు న్యాయమైనదనే కోర్టు అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సిన భారం కాదన్నవాడిది. అంటే వందేళ్లు పెంచుకుంటూ వచ్చిన మొత్తమే కొత్త పునాది అయింది.

1937 ఎన్నికల్లో 215 స్థానాల మద్రాసు అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. జస్టిస్ పార్టీ నేత, స్వయంగా జమీందారు అయిన బొబ్బిలి రాజా సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడారు. జమీందారీ ఎస్టేట్ల రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర చేసిందీ 1937-38లోనే. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించిన కుర్రాడు, తర్వాత బారిస్టరుగా మద్రాసు హైకోర్టులో బాగా గడించినవాడు ప్రకాశం, ఆ సమయంలో ఈ ఎస్టేట్ల తగువు మీద వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

ఆ కమిటీ 1938 నివేదిక ఉద్యమకారుడి ప్రసంగంలా కాక కోర్టు వాదనలా ఉంటుంది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసి తన వాటా ఉంచుకునే మనిషి మాత్రమే, కాబట్టి శిస్తు 1802 నాటి స్థాయికి దిగాలి అని తేల్చింది. జమీందారీ రద్దు చేయమని అందులో లేదు, ఇది చాలామంది పొరబడే చోటు. కొలమానం కూడా చిక్కుదే. నూట ముప్పయ్యేళ్ల కిందటి రేట్లు ఊరూరా తేల్చాలంటే అప్పటి కరణం లెక్కలు చేతికందాలి, ఆనాటి మెట్ట ఈనాడు మాగాణి అయి ఉండకూడదు.

1939 ఆరంభంలో అసెంబ్లీ నివేదికను ఆమోదించింది. చట్టం మాత్రం రాలేదు. అక్టోబరులో రెండో ప్రపంచ యుద్ధం పేరు మీద మంత్రివర్గం రాజీనామా చేసింది. మరుసటి ఏడు మందసా ఎస్టేటులో పోలీసు కాల్పులు జరిగి రైతు మహిళ గున్నమ్మ ప్రాణాలు కోల్పోయింది.

ప్రకాశం 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పుడు అలా పిలిచేవారు) అయ్యారు, పదకొండు నెలలైనా నిలవలేదు. సొంత పార్టీవాళ్లే దించారు. తర్వాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. శిస్తుకు 1802 రేటు వదిలేసి చుట్టుపక్కల రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకు కట్టే పద్ధతి) రేటును కొలతగా తీసుకున్నారు. జమీందార్లకు పరిహారం మూల వార్షిక మొత్తాన్ని (ఎస్టేటు నికర ఏడాది రాబడికి కట్టిన లెక్క) బట్టి, చిన్న ఎస్టేటుకు దానికి 30 రెట్ల నుంచి, ఆ మొత్తం లక్ష రూపాయలు దాటిన వాటికి పన్నెండున్నర రెట్ల దాకా.

1948 చట్టం 11వ సెక్షన్ కింద రైత్వారీ పట్టా దక్కింది హోల్డింగు, అంటే జమీందారు కింద తన పేరున సాగు భూమి, ఉన్న రైతుకు. అతని కింద కౌలు చేసినవాడు, పాలేరు అందులో లేరు, ప్రకాశం వాదనలోని ‘రైతు’ కూడా వాళ్లు కాదు. సేరీ భూములను, అంటే తన సొంత సాగు భూములను, జమీందారు 12వ సెక్షన్ కింద అడిగాడు. సేరీ ఏది, జిరాయితీ (రైతు హక్కున్న భూమి) ఏది అన్న పేచీలు కోర్టుల్లో దశాబ్దాలు నలిగాయి. పాత ఎస్టేటు గ్రామంలో భూమి కొనేవాళ్లు ఈనాటికీ మొదట తీయించేది ఆనాటి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (రద్దు తర్వాత సర్కారు రాసిన భూముల రికార్డు). పట్టాదారు పేరు, సర్వే నంబరు సర్కారు పుస్తకంలో రైత్వారీ పద్ధతిలో ఎక్కింది అక్కడే. అంతకు ముందున్నవి దివాణం, అంటే జమీందారు కచేరీ, లెక్కలు.