శోధన ఒకటే మాట, సంగతులు రెండు: విశ్వాస పరీక్షల గురించి అపోహలు – వాస్తవాలు

ఆరాధన అయ్యాక ప్రార్థన మనవుల చీటీలు విప్పితే తరచూ కనపడే వాక్యం ఇదే: "శోధనలో ఉన్నాను, ప్రార్థించండి." దాని వెనక ఏముందో చీటీ చెప్పదు. ఒకరికి అది బయాప్సీ రిపోర్టు. ఒకరికి మూడు నెలలుగా కట్టని ఇంటి అద్దె. ఇంకొకరికి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్లో తెరిచే సైటు. చదివిన అయ్యగారు ముగ్గురికీ ఒకే ప్రార్థన చేసి, ఒకే సలహా ఇచ్చి పంపేస్తే ఇద్దరికైనా అది పనికిరాదు.

ఈ చిక్కు బైబిల్ భాషలోనే ఉంది. కొత్త నిబంధన గ్రీకులో 'పెయిరాస్మోస్' అన్న ఒక్క మాటే కష్టానికీ, పాపపు ఆకర్షణకూ చెల్లుతుంది. మన తెలుగు బైబిల్ కూడా ఆ రెంటినీ శోధన అనే అంటుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తీయండి. 2వ వచనంలో "నానా విధములైన శోధనలలో" పడేది బయటి నుంచి వచ్చిపడే కష్టం. 14వ వచనంలో "తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" శోధింపబడేది లోపలి లాగుడు. మొదటిదానికి యాకోబు ఓర్పు చెప్పాడు. రెండోదాని దగ్గర ఓర్చుకుంటూ కూర్చున్నవాడు మునిగిపోతాడు.

చాలాసార్లు రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అరణ్యంలో యేసుకు కలిగిన ఆకలి కష్టం, రాళ్లను రొట్టెలు చేసుకోమన్నది శోధన. అప్పు కష్టమైతే, ఆ అప్పు ఈ రాత్రికి రాత్రే తీర్చేద్దామని బెట్టింగ్ యాప్ తెరవడం శోధన. కాబట్టి ఎవరైనా శోధన అనగానే ముందు అడగాల్సింది: "మీద పడిందా, లోపలి నుంచి లాగుతోందా?"

అపోహ: చెడు ఆలోచన వచ్చిందంటే పాపం చేసేసినట్టే.

వాస్తవం: యేసు "సమస్త విషయములలోను" మనలాగే శోధింపబడ్డాడనీ, అయినా పాపం లేనివాడనీ హెబ్రీ పత్రిక 4:15 చెబుతుంది. అంటే శోధన వేరు, పాపం వేరు. యాకోబు ఆ మధ్య దూరాన్ని మెట్లుగా చూపించాడు: దురాశ ఈడుస్తుంది, మరులు కొల్పుతుంది, గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది. 'మరులు కొల్పబడి' అన్నచోట గ్రీకులో ఉన్నది ఎర వేసి పట్టడం అనే మాట. చేప ఎరను చూడటానికీ మింగడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది. మనం పని చేయాల్సింది ఆ సమయంలోనే.

ఈ అపోహ చేసే నష్టం చిన్నది కాదు. ఆలోచన రాగానే "ఎలాగూ పాపం అయిపోయింది" అనుకున్నవాడు మిగతా మెట్లన్నీ అరగంటలో దిగిపోతాడు. కుర్రకారులో ఇది మరీ ఎక్కువ.

అపోహ: గట్టి విశ్వాసి శోధన ఎదుట నిలబడి గెలవాలి, పారిపోకూడదు.

వాస్తవం: లేఖనంలో రెండు ఆజ్ఞలున్నాయి, రెండింటికీ చోట్లు వేరు. అపవాదిని, అంటే సాతానును, ఎదిరించమని యాకోబు 4:7 చెబితే, జారత్వానికి దూరంగా పారిపొమ్మని పౌలు 1 కొరింథీ 6:18లో రాశాడు. యోసేపు సంగతే చూడండి. ఆదికాండం 39:10 ప్రకారం యజమాని పోతీఫరు భార్య తనతో పడుకొమ్మని అతన్ని అడిగింది ఒక్కరోజు కాదు, దినదినమూ. చివరికి యోసేపు అక్కడ ప్రసంగం చేయలేదు, మోకాళ్లూనలేదు. పైబట్ట ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు.

ఈ రోజుల్లో పైబట్ట వదిలేయడమంటే ఏమిటి? రాత్రి 10 దాటితే ఫోన్ ఛార్జింగ్ హాల్లో, పడకగదిలో కాదు. యూపీఐ రోజువారీ పరిమితిని భార్యో అన్నో చూస్తుండగా తగ్గించుకోవడం. జీతం రోజు వైన్ షాపు లేని దారిన ఇంటికి రావడం, దారి కిలోమీటరు పెరిగినా సరే. బెట్టింగ్ యాప్ తీసేస్తే సరిపోదు, ఖాతా కూడా మూసేయాలి. లేకపోతే రెండు నిమిషాల్లో మళ్లీ దిగుతుంది. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఒక్కరైనా నమ్మకస్తులు ఉండాలి. పాపంలో పడిపోయాక మెసేజ్ పెడితే అది ఒప్పుకోలు, పడకముందు పెడితే సహాయం. "ఇప్పుడు లాగుతోంది, ఫోన్ చెయ్" అన్న మూడు నాలుగు మాటలు చాలు.

తీసేసిన చోటు ఖాళీగా ఉంచడం ఇంకో పొరపాటు. ఊడ్చి ఖాళీగా పెట్టిన ఇంటికి అపవిత్రాత్మ మరో ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చిందని యేసు చెప్పిన ఉపమానం ఉండనే ఉంది. తాగే సాయంత్రం 7 గంటలకు ఇక ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోకపోతే ఆ గంట మళ్లీ పాతదారి వెతుక్కుంటుంది.

అపోహ: మోయలేనంత భారం దేవుడు ఎవరికీ ఇవ్వడు.

వాస్తవం: ఈ మాట అచ్చంగా ఇలా బైబిల్లో ఎక్కడా లేదు. 1 కొరింథీ 10:13ను విరిచి చేసుకున్నది. అక్కడి సందర్భం పాపపు శోధన. తప్పించుకునే మార్గం ఉంటుందని చెప్పి, మరుసటి వచనంలోనే పౌలు విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మంటాడు. కష్టాల సంగతికొస్తే అదే పౌలు 2 కొరింథీ 1:8లో "మా శక్తికి మించిన అత్యధిక భారమువలన" కుంగిపోయామనీ, బతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయిందనీ రాశాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "నువ్వు మోయగలవనే దేవుడు ఇచ్చాడు" అనడం ఓదార్పు కాదు. ఆమె చేతగానిదన్న నింద అందులో దాగి ఉంటుంది.

అపోహ: కష్టం వచ్చిందంటే ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది.

వాస్తవం: ఈ ప్రశ్న శిష్యులే అడిగారు, పుట్టుగుడ్డివాణ్ణి చూసి: వీడా, వీని కన్నవారా? ఇద్దరూ కాదని యోహాను 9లో యేసు జవాబు. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావారికన్నా పాపులు కారని లూకా 13లో చెప్పాడు. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు చేసిన వాదన కూడా ఇదే. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడింది యోబు మీద కాదు, ఎలీఫజు మీదా అతని ఇద్దరు స్నేహితుల మీదా.

అలాగని ప్రతి కష్టమూ అంతుచిక్కనిది కాదు. పేకాటలో పోయిన పొలం పేకాట వల్లే పోయింది. దొంగగా బాధపడేవాడి సంగతి వేరని 1 పేతురు 4:15 కూడా అంటుంది. కారణం కళ్లెదుట ఉంటే చెప్పండి, లేకపోతే కల్పించకండి. "నాకు బయలుపరచబడింది" అంటూ ఏడుస్తున్న ఇంట్లో పాపం వెతికేవాళ్లను ఆ గుమ్మం దాటనివ్వకపోవడం సంఘపెద్దల పని.

పరామర్శకు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ స్నేహితులు ఒక్కటి సరిగ్గా చేశారు: ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడైంది. మొదటిరోజు పావుగంట చాలు. అన్నం క్యారేజీ పట్టుకెళ్లండి, ఒక చిన్న కీర్తన చదవండి, లేచి రండి. "దేవుడు తన తోటలోకి పువ్వును కోసుకున్నాడు" అన్న మాట దయచేసి అనకండి. రెండోసారి వెళ్లాల్సింది అందరూ వెళ్లడం మానేశాక, అంటే నెలకో నెలన్నరకో.

అపోహ: విశ్వాసం ఉన్నవాళ్లు దేవుణ్ణి ప్రశ్నించరు.

వాస్తవం: కీర్తనల గ్రంథంలో దాదాపు మూడోవంతు మొరలే. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న నాలుగుసార్లు, తర్వాతి రెండింటిలో అడగాల్సింది అడగడం, చివరి రెండింటిలో నమ్మిక. ప్రార్థన నోట రానివాళ్లకు ఇదే అచ్చు: పుస్తకంలో మూడు భాగాలు గీసి, పది నిమిషాలు రాయడం. మూడో భాగం ఖాళీగా మిగిలితే ఖాళీగానే వదిలేయండి. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, దాన్నెవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

అపోహ: మందులు మానేయడమే విశ్వాసానికి రుజువు.

వాస్తవం: ప్రాణాలు తీసే అపోహ ఇది. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. వాగ్దానం, వైద్యం ఒకే గదిలో ఉన్నాయి.

తాగుడు సంగతి చూద్దాం. ఏళ్లుగా రోజూ తాగే మనిషిని ప్రార్థన కూడికలో ముందుకు పిలిచి "ఈ రాత్రితో వదిలేశానని చెప్పు" అంటారు. అతను నిజంగానే వదిలేస్తాడు. 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు కొందరికి లేని మనుషులు కనపడతారు, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్లు కాలిపోతుంది. దాన్ని దయ్యం వెళ్లిపోతూ చేసే అల్లరి అనుకుని పట్టుకుని ప్రార్థిస్తే మనిషి దక్కకపోవచ్చు. అది ఆసుపత్రిలో చూడాల్సిన అత్యవసర స్థితి. నిర్ణయం కూడికలో తీసుకోనివ్వండి, మానడం మాత్రం డాక్టరు చేతిలో మొదలుపెట్టండి.

టీబీలో ఇంకో ఉచ్చు. సాధారణ టీబీకి మందులు 6 నెలలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, వేదిక ఎక్కి స్వస్థత సాక్ష్యం చెప్పేస్తారు. సాక్ష్యం చెప్పిన నోటితో మాత్ర మింగడానికి సిగ్గు. మానేస్తే జబ్బు మందుకు లొంగని రూపంలో తిరిగిరావచ్చు. సాక్ష్యం చెప్పించేవాళ్లు కోర్సు పూర్తయ్యేదాకా ఆగితే ఏం పోతుంది?

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు 40 దినాల్లో షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకునో, మాత్ర మింగో పస్తులుంటే షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, మాట తడబాటు కనపడగానే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. డాక్టరును అడక్కుండా ఉపవాసం మొదలుపెట్టొద్దు. తిండి మానలేనివాళ్లు ఆ పూట టీవీ మానినా ఉపవాసమే.

కుంగుబాటు కూడా విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవదూత గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. దేవుడు అతన్ని ప్రశ్న అడిగింది హోరేబు కొండ చేరాకే. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు వాళ్ల పక్కన కూర్చునే ఫోన్ చేయించండి. ఈ పని ప్రార్థనకు అడ్డం కాదు.

అపోహ: కొట్టే భర్తను సహించడమే ఆమె సిలువ.

వాస్తవం: యేసు చెప్పిన సిలువ ఆయన్ను వెంబడించినందుకు వచ్చేది. ఇంకొకరి పిడికిలి సిలువ కాదు. ఒక పట్టణంలో హింసిస్తే మరో దానికి పారిపొమ్మని మత్తయి 10:23లో ఆయనే చెప్పాడు. పౌలు దమస్కు గోడ మీంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. కొరడా దెబ్బలకు కట్టేసినప్పుడు రోమా పౌరుణ్ణని చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకూ చట్టం ఉంది: 2005 గృహహింస చట్టం, సహాయానికి 181. దెబ్బలు నడుస్తుండగా భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడం పెద్ద తప్పు. ఆ గదిలో ఆమె నిజం చెప్పదు, చెబితే ఇంటికెళ్లాక దానికి మూల్యం చెల్లించాలి.

అపోహ: కానుక కడితే, వాగ్దానం పట్టుకుంటే శోధన తొలగిపోతుంది.

వాస్తవం: యేసును శోధిస్తూ దేవాలయ శిఖరం మీద వాగ్దానం ఎత్తి చూపింది అపవాదే. 91వ కీర్తన 11, 12 వచనాలు చెప్పి, సర్పాన్ని అణగదొక్కే 13వ వచనం దగ్గర తెలివిగా ఆగిపోయాడు. ఆ మూడు శోధనలకు యేసు ఇచ్చిన జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోంచే వచ్చాయి. కొత్త సంవత్సరం రాత్రి తీసిన వాగ్దాన కార్డు దాచుకోండి, కాదనం. ఆ కార్డు మీది వచనం ఉన్న అధ్యాయం మొత్తం ఒక్కసారైనా చదవండి. వడ్డీకి తెచ్చి మొక్కుబడి కానుక కట్టకండి, కడతానన్నా సంఘం తీసుకోకూడదు.

అపోహ: పడిపోయినవాడి పని అయిపోయింది.

వాస్తవం: పేతురు పడిపోతాడని యేసుకు ముందే తెలుసు, అతని నమ్మిక తప్పిపోకుండా వేడుకున్నానని కూడా చెప్పాడు. యేసు ఎవరో తెలియదని పేతురు బొంకింది ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర. గ్రీకులో ఆ బొగ్గుల మంట అన్న పదం కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. రెండోది యోహాను 21లో, తిబెరియ సముద్రపు ఒడ్డున, చేపలు కాలుతున్న చోట. అక్కడ యేసు ముందు భోజనానికి పిలిచాడు, తిన్నాకే "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. దారి తప్పినవాణ్ణి తిరిగి తెచ్చేవాళ్లకు ఈ వరుస పనికొస్తుంది. సంఘం ముందు నిలబెట్టడంతో మొదలుపెట్టకండి. ఇద్దరు వెళ్లి, కలిసి తిని, ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో పడ్డాడో అడగండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ముందు రోజు ఉండే ఉంటుంది.

క్షమించడం, బాధ్యత తిరిగి అప్పగించడం వేర్వేరు. సంఘం సొమ్ము తిన్నవాడికి క్షమాపణ ఆ సాయంత్రమే దొరకొచ్చు. కానుకల పెట్టె తాళం మాత్రం ఇంకొకరి దగ్గరే ఉండాలి, లెక్క ఇద్దరు పెట్టాలి. పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే అది పెద్దల సభలో తేల్చే విషయమే కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, ఉపవాస ప్రార్థన పెట్టుకున్నా సరే, ముందు స్టేషన్‌కే.