లెపర్డ్ గెకో కుబుసం: ముందు వేళ్లు చూడండి

గోడ మీది బల్లి కూడా కుబుసం విడుస్తుంది. ఊడిన పొరను అదే తినేస్తుంది కాబట్టి మన కంట పడదు. లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లిదీ అదే పద్ధతి. ఒంటి రంగు మసకబారి తెల్లబడుతుంది. తర్వాత మూతి దగ్గర చిట్లిన పొరను నోటితో పట్టి లాగుతూ, కాళ్ల నుంచి మేజోడులా ఊడదీసి మింగేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే కొన్ని గంటల పని. పిల్లలు వారం, రెండు వారాలకోసారి విడుస్తాయి. పెద్దవి నెలకో, నెలన్నరకో.

కింద కొత్త పొర తయారయ్యాక రెండింటి మధ్య ద్రవం చేరి పాతది వదులవుతుంది. గాలి మరీ పొడిగా ఉంటే అది ఎండి, ముక్కలై అంటుకుపోతుంది. శ్రీకాకుళంలో చెమటలు కక్కుతుంటే పొడిగాలి ఎక్కడిదంటారా? గాలిని వేడి చేస్తే అందులో ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం పడిపోతుంది. గెకోను ఉంచే పెట్టె కింద పరిచే హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే చాప, చేసేది అదే. అసలు ఏసీ లేని గదిలో, మే నెలలో ఆ మ్యాట్ దేనికో నాకు అర్థం కాదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకపోతే గెకో పొట్ట కాలే ప్రమాదం కూడా.

ఈ జీవి సొంత చోటు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతాల్లోని పొడి రాతి నేలలు. అయితే పగలంతా అది దాక్కునే బొరియల్లో, రాతి సందుల్లో కాస్త చెమ్మ ఉంటుంది. మనం అమర్చాల్సింది ఆ సందునే. మూతకు కన్నం పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తడి కొబ్బరి పొట్టు వేసి వెచ్చని వైపు ఉంచితే చాలు. ఉద్దానం కొబ్బరికి పేరున్న చోటు, ఇందుకోసం నాచు కొనక్కర్లేదు. పొట్టులో ఉప్పు ఉంటుంది, బాగా కడగాలి. పిండితే నీరు కారకూడదు. పెట్టె మొత్తం తడిపితే మాత్రం బూజు, చర్మవ్యాధులు వస్తాయి.

దీని చుట్టం ఒకటి తూర్పు కనుమల్లోనే ఉంది. నలుపు, పసుపు పట్టీలతో కనిపిస్తుంది. విషం లేదు, పాపం భయంతో చంపేస్తుంటారు. అడవిలోంచి దాన్ని పట్టి తెచ్చి పెంచుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు.

కుబుసం అయ్యాక ఫోన్ టార్చి వేసి ఒక్కో వేలూ చూడండి. వేలి మొదలు దగ్గర దారం చుట్టినట్టు తెల్లటి ఉంగరం మిగిలితే అది ఆరేకొద్దీ బిగుస్తుంది. రక్తం అందక వేలు నల్లబడి రాలిపోతుంది. తోక తెగినా మళ్లీ వస్తుంది గానీ వేలు రాదు. పొట్ట తడిసేంత గోరువెచ్చని నీళ్లలో గెకోను పావుగంట దగ్గరుండి నిలబెట్టి, ఆ ఉంగరాన్ని తడి ఇయర్‌బడ్‌తో మెల్లగా దొర్లించండి. రాకపోతే మర్నాడు చూసుకోవచ్చు, పీకొద్దు.

కన్ను వేరే సంగతి. గోడబల్లికి లేని రెప్పలు దీనికి ఉన్నాయి, వాటి లోపల పొర ఇరుక్కోవచ్చు. పదే పదే అలా అవుతుంటే విటమిన్ ఎ లోపమేమో చూడాలి. అక్కడ చెయ్యి పెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. సరీసృపాలను చూస్తారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.