కంపెనీలు, ప్రభుత్వం, మన జేబు: ఒక ఆడిటర్ రాస్తున్న అపోహలు - వాస్తవాలు

నేను ఆడిటర్‌ని. కంపెనీల ఖాతాలు చూడటం, రైస్ మిల్లులు, హోల్‌సేల్ షాపులు నడిపేవాళ్లకి పన్ను రిటర్నులు వేయడం నా పని. మా ఆఫీసుకి పెద్ద కంపెనీల ఫైనాన్స్ మేనేజర్లూ వస్తారు, జీఎస్టీ నోటీసు చేతిలో పట్టుకుని టెన్షన్‌గా వచ్చే చిన్న వ్యాపారులూ వస్తారు. మాటల్లో రాజకీయాలు వస్తే ఒకరు "పెద్ద కంపెనీలు గవర్నమెంటుని కొనేశాయండీ" అంటారు, ఇంకొకరు "కంపెనీలు బాగుంటేనే కదండీ దేశం బాగుండేది" అంటారు. రెండు మాటలూ విని విని రాస్తున్నాను ఇది. ఏ రూలు ఎప్పుడు మారింది, దానివల్ల ఎవరికి ఎంత మిగిలింది అనేది చట్టంలో, లెక్కల్లో చాలావరకు కనిపిస్తూనే ఉంటుంది, చూసే ఓపిక ఉండాలి అంతే.

అపోహ: కార్పొరేట్ ప్రభావం అంటే సూట్‌కేసుల్లో వెళ్లే లంచం.

లంచాలు లేవని నేను అనను. కానీ అసలు పెద్ద మార్పులు జరిగేది చట్టప్రకారమే, ఫైనాన్స్ బిల్లులో ఎక్కడో ఒక క్లాజులో. ఎలక్టోరల్ బాండ్ల (ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకి విరాళం ఇవ్వడానికి వాడిన బ్యాంకు పత్రాలు) సంగతే తీసుకోండి. 2017కి ముందు ఒక కంపెనీ పార్టీలకి విరాళం ఇవ్వాలంటే గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటకూడదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో తన లాభనష్టాల ఖాతాలో పేరుతో సహా చూపించాలి. మాలాంటి వాళ్లం ఆడిట్‌లో చూడాల్సిన అంశం అది. 2017 ఫైనాన్స్ చట్టంతో ఆ పరిమితి ఎత్తేశారు, పార్టీ పేరు చెప్పాల్సిన అవసరమూ తీసేశారు, మొత్తం ఎంతో ఒక్క అంకె చూపిస్తే చాలన్నారు. అంటే లాభమే లేని కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చు, ఎవరికిచ్చిందో ఆ కంపెనీలో షేర్లు కొన్న మీకు కూడా తెలియదు. పైగా ఇది మనీ బిల్లుగా వెళ్లింది కాబట్టి రాజ్యసభ సూచనలు చేయగలదు తప్ప ఆపే అధికారం దానికి లేదు.

2018 జనవరిలో బాండ్ల పథకం నోటిఫై అయింది. స్టేట్ బ్యాంక్ శాఖల్లో వెయ్యి రూపాయల బాండు నుంచి కోటి రూపాయల బాండు దాకా అమ్మారు. సామాన్యుడు కూడా వెయ్యి పెట్టి కొనొచ్చు అన్నారు గానీ, అమ్ముడైన విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. మొత్తం మీద సుమారు 16,500 కోట్లు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, దాంతోపాటు ఆ 7.5 శాతం పరిమితి ఎత్తేసిన సవరణ కూడా చెల్లదంది. కంపెనీ ఇచ్చే విరాళాన్ని వ్యక్తి ఇచ్చే విరాళంతో సమానంగా చూడలేమని, అది ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీ అని ఆ తీర్పులో ఉంది. నా వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. షేర్‌హోల్డర్ల డబ్బుని ఏ లాభమూ ఆశించకుండా ఎందుకు ఖర్చు పెట్టారు అని అడిగితే ఏ డైరెక్టర్ దగ్గరా సరైన జవాబు ఉండదు.

విదేశీ విరాళాల చట్టం కథ కూడా ఇలాంటిదే. ఒక విదేశీ గ్రూపుకి చెందిన కంపెనీల నుంచి బీజేపీ, కాంగ్రెస్ రెండూ నిబంధనలకి విరుద్ధంగా విరాళాలు తీసుకున్నాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2016లో ఆ చట్టంలో ఏది విదేశీ విరాళం అన్న నిర్వచనం మార్చి దాన్ని 2010 నుంచే వర్తింపజేశారు, అదీ సరిపోక 2018లో 1976 వరకు వెనక్కి తీసుకెళ్లారు. నలభై ఏళ్లు వెనక్కి! మా దగ్గరకొచ్చే కిరాణా హోల్‌సేలర్ రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే లేట్ ఫీజు పడుతుంది, ఆయన కోసం చట్టాన్ని ఒక్క రోజు వెనక్కి జరిపిన వాళ్లెవరూ లేరు.

అపోహ: ఇదంతా ఒక్క పార్టీ వ్యవహారం.

ఎన్నికల సంఘం 2024 మార్చిలో బయటపెట్టిన డేటా చూడండి (2019 ఏప్రిల్ తర్వాతి లెక్క ఇది). బీజేపీకి దాదాపు 6,060 కోట్లు, అందరికంటే చాలా చాలా ఎక్కువ, అది నిజం. తర్వాత తృణమూల్ 1,609 కోట్లు, కాంగ్రెస్ 1,421 కోట్లు, నాలుగో స్థానంలో మన బీఆర్ఎస్ 1,214 కోట్లు. ఒక్క రాష్ట్రంలో ఉన్న పార్టీకి జాతీయ పార్టీ కాంగ్రెస్‌కి వచ్చినంతలో కాస్త తక్కువ, అంతే. వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, టీడీపీకి 218 కోట్లు. తృణమూల్, బీఆర్ఎస్, బీజేడీ, డీఎంకే, వైఎస్సార్‌సీపీ... ఈ పేర్లలో ఉమ్మడిగా ఉన్నదేంటి? ఆ కాలంలో అన్నీ ఏదో ఒక రాష్ట్రంలో అధికారంలో ఉన్నవే. టెండర్లు, భూములు, మైనింగ్ లీజులు, లాటరీలు, కరెంటు ఒప్పందాలు ఎవరి చేతిలో ఉంటాయో డబ్బు అటు వెళ్లింది. సీపీఎం, సీపీఐ బాండ్లు తీసుకోలేదు, అది కూడా చెప్పాలి.

కొన్నవాళ్లలో మొదటిది 1,368 కోట్లతో ఒక లాటరీ కంపెనీ, ఫ్యూచర్ గేమింగ్. రెండోది 966 కోట్లతో మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్తాను, బాండు కొన్న తేదీ పక్కన కాంట్రాక్టు వచ్చిన తేదీ పెట్టి "చూశారా" అంటే అది రుజువు కాదు, ఆడిట్‌లో కూడా కాదు. కానీ ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసే అవకాశమే ఆరేళ్లపాటు జనానికి లేకుండా చేశారు, నా కోపమంతా దాని మీదే.

అపోహ: కంపెనీల పన్ను తగ్గిస్తే ఉద్యోగాలొస్తాయి, అందరికీ లాభమే.

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఇది నేను రోజూ చూసే సబ్జెక్టు.

2019 జులై బడ్జెట్‌లో 400 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న కంపెనీలకి 25 శాతం రేటు ఇచ్చారు. దేశంలో 99.3 శాతం కంపెనీలు ఇందులోకి వచ్చేస్తాయని ఆర్థిక మంత్రే చెప్పారు. మిగిలింది 0.7 శాతం, అంటే బాగా పెద్దవి, వాటికి 30 శాతం ఉండేది. రెండు నెలలు తిరిగాయో లేదో, సెప్టెంబర్ 20న, మినహాయింపులు వదులుకుంటే ఏ దేశీ కంపెనీకైనా 22 శాతమే అన్నారు. చిన్న కంపెనీకి తగ్గింది 3 శాతం, పెద్ద కంపెనీకి 8. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని చెప్పింది ప్రభుత్వమే. పెట్టుబడులు వియత్నాం లాంటి చోట్లకి పోకుండా ఇక్కడికి రావాలంటే తప్పదు అన్నది వాళ్ల వాదన, అది పూర్తిగా కొట్టిపారేయాల్సిన వాదనేం కాదు, చాలా దేశాలు అదే పని చేశాయి. సరే, మరి ఫలితం?

2024-25 ఆర్థిక సర్వేలో ప్రభుత్వం సొంతంగా రాసుకున్నది ఇది: 2023-24లో పెద్ద లిస్టెడ్ (స్టాక్ మార్కెట్‌లో షేర్లున్న) కంపెనీల లాభాలు జీడీపీలో వాటాగా చూస్తే 15 ఏళ్లలో అత్యధికం, ఆ ఏడాది లాభాలు 22.3 శాతం పెరిగాయి, ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. ఇంకో పక్క అదే 2023-24లో వ్యక్తులు, ఫర్మ్‌ల లాంటి కంపెనీలు కానివాళ్ల నుంచి వచ్చిన ఆదాయపు పన్ను సుమారు 10.4 లక్షల కోట్లు, కంపెనీల నుంచి వచ్చింది సుమారు 9.1 లక్షల కోట్లు. జీతగాళ్లూ చిన్న వృత్తుల వాళ్లూ ఉన్న ఈ లెక్క మొత్తం కంపెనీలు కట్టేదాన్ని దాటిపోయింది. ఇక 2020లో ఏం జరిగిందో గుర్తుందా? మార్చి, మే నెలల్లో పెట్రోల్ మీద కేంద్ర సుంకం లీటరుకి 19.98 నుంచి 32.98 రూపాయలకి, డీజిల్ మీద 15.83 నుంచి 31.83కి పెంచారు. కోవిడ్ కూడా దానికి కారణమే, ఒప్పుకుంటాను. కానీ ఖజానాకి కావాల్సిన డబ్బు ఎవరి దగ్గర వెతకాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆటో డ్రైవర్ డీజిల్ ట్యాంకు వైపు చూశారు, ముందు ఏడాది ఇచ్చిన తగ్గింపు వైపు చూడలేదు.

ఇందులో చాలామందికి తెలియని ముక్క ఇంకోటి ఉంది. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి, ఎల్ఎల్‌పీకి (పార్ట్‌నర్ల బాధ్యత పరిమితంగా ఉండే భాగస్వామ్య సంస్థ) ఈ తగ్గింపు రాలేదు. అన్నదమ్ములిద్దరు ఫర్మ్ పెట్టి నడిపే రైస్ మిల్లు సెస్సుతో కలిపి 31.2 శాతం కడుతుంది, ఆదాయం కోటి దాటితే సర్‌ఛార్జితో దాదాపు 35. వేల కోట్ల కంపెనీ సర్‌ఛార్జీ, సెస్సూ అన్నీ కలిపి 25.17. కంపెనీ డివిడెండ్ పంచితే తీసుకున్నవాళ్లు మళ్లీ పన్ను కట్టాలి, ఫర్మ్ లాభంలో వాటాకి అలా కట్టక్కర్లేదు, కాబట్టి పోలిక అంత సూటిది కాదని తోటి ఆడిటర్లు అంటారు. కరెక్టే. కానీ వచ్చిన లాభాన్ని మళ్లీ మిల్లులోనే పెట్టి కొత్త మిషన్ కొనే అన్నదమ్ములకి ఆ తేడా మొత్తం నష్టమే. వాళ్ల తరఫున ఢిల్లీలో మాట్లాడేవాళ్లు ఎవరున్నారు?

అపోహ: మన దేశంలో లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలు తమకి అనుకూలంగా ఉండేలా చేసుకునే పైరవీ) లేదు, అది అమెరికా సంగతి.

అమెరికాలో ఉన్నది, మన దగ్గర లేనిది లాబీయింగ్‌ని నమోదు చేసే చట్టం. అక్కడ 1995 నుంచి లాబీయిస్టులు ఎవరి తరఫున ఏ విషయం మీద పనిచేశారో, ఎంత తీసుకున్నారో చెప్పాలి. ఇక్కడ అలాంటి రిజిస్టర్ లేదు. రాజ్యసభ సభ్యులు తమ వ్యాపార ప్రయోజనాలు నమోదు చేయడానికి ఒక రిజిస్టరైనా ఉంది, లోక్‌సభకి అదీ లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద అత్యధిక ఆస్తులు ప్రకటించిన ఇద్దరు అభ్యర్థులూ మనవాళ్లే, ఒకరు గుంటూరులో, ఒకరు చేవెళ్లలో, ఇద్దరూ గెలిచారు. డబ్బుండటం నేరం కాదు, వ్యాపారం చేసి సంపాదించడం తప్పు కాదు. అంత ఆస్తి ఉన్న సభ్యుడు తన వ్యాపారానికి సంబంధించిన చర్చలో కూర్చున్నప్పుడు ఆ సంగతి మనకి తెలియాలి అంటున్నాను.

అపోహ: బ్యాంకులు రైటాఫ్ చేశాయంటే పెద్దలకి అప్పు మాఫీ చేసినట్టే.

కాదు. రైటాఫ్ అంటే వసూలు కాని అప్పుకి పూర్తిగా ప్రొవిజన్ పెట్టాక (అంటే ఆ నష్టానికి సరిపడా మొత్తం లాభంలోంచి పక్కన పెట్టాక) బ్యాంకు దాన్ని తన బ్యాలెన్స్ షీట్ నుంచి తీసేయడం, అప్పు తీసుకున్నవాడి బాధ్యత అలాగే ఉంటుంది, కేసులు నడుస్తూనే ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగే మెసేజీల్లో ఇది ఎప్పుడూ తప్పే. అయితే "వసూలు చేస్తాం లెండి" అన్న అధికారుల మాట కూడా పూర్తి నిజం కాదు. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో రైటాఫ్ చేసింది 14.56 లక్షల కోట్లు, అందులో పెద్ద పరిశ్రమలు, సర్వీసులవే 7.4 లక్షల కోట్లు, రైటాఫ్ ఖాతాల నుంచి తిరిగొచ్చింది అన్నీ కలిపి 2.04 లక్షల కోట్లు. ఇవి పార్లమెంటుకి ఇచ్చిన లెక్కలు. 2016-17 నుంచి 2020-21 మధ్య ప్రభుత్వ బ్యాంకులకి ఎక్కించిన మూలధనం 3.10 లక్షల కోట్లు. ఆ కన్నం పూడ్చడానికి బడ్జెట్ కూడా సాయం పట్టిందన్నమాట. రైతు రుణమాఫీ అనగానే "క్రెడిట్ క్రమశిక్షణ పోతుంది" అని గంటలు గంటలు చర్చ పెట్టేవాళ్లు దీని గురించి కూడా అంతే సేపు మాట్లాడాలి.

అపోహ: భూమి, రాయితీలు ఇవ్వకపోతే కంపెనీలు రావు, ఇస్తే చాలు ఉద్యోగాలొస్తాయి.

2025లో విశాఖలో 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకి టీసీఎస్‌కి ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలు అన్నది లక్ష్యం. రావచ్చు, రావాలనే కోరుకుంటున్నాను, ఉద్యోగాల కోసం బెంగళూరు వెళ్లిపోతున్న పిల్లలు మా ఇళ్లల్లోనూ ఉన్నారు. కానీ సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండళ్ల) అనుభవం మర్చిపోకూడదు. 2014లో కాగ్ (ప్రభుత్వ ఖాతాల్ని ఆడిట్ చేసే సంస్థ) ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో సెజ్‌లకి నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో కార్యకలాపాలు మొదలైంది 28,488 హెక్టార్లలోనే. మిగతా భూమిలో కొంతైనా ఒకప్పుడు ఎవరో ఒకరి పొలం. రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోతుంటే లాభం బేరమాడే కంపెనీదే. ఒప్పందంలో ఎన్ని ఉద్యోగాలు, ఎప్పటికి, ఇవ్వకపోతే భూమి వెనక్కి తీసుకుంటారా లేదా, ఇవి జీవోలో రాసి ఉన్నాయో లేదో చూడండి. మంత్రి ప్రెస్ మీట్‌లో చెప్పింది కాదు, జీవోలో ఉన్నది.

అపోహ: అసమానత తెలివితేటల్లో తేడా వల్ల వచ్చేదే, దానికి ప్రభుత్వ విధానాలతో సంబంధం లేదు.

వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అంచనా ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40 శాతం పై 1 శాతం మంది చేతిలో ఉంది. ఈ అంచనాల పద్ధతి మీద వాదనలున్నాయి, ఉండనివ్వండి. పన్ను చట్టం మాత్రం వాదన అక్కర్లేకుండా కనిపిస్తుంది. వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది (దాని వల్ల వచ్చేది ఏడాదికి వెయ్యి కోట్లే, నిజమే, ఎందుకంటే అప్పటికి షేర్లు అందులో లేనే లేవు). ఏడాది దాటి పెట్టుకున్న లిస్టెడ్ షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద 12.5 శాతం, పై స్లాబులో ఉన్న జీతం మీద 30. ఇవన్నీ ఎవరో కూర్చుని రాసిన రేట్లు, ఆకాశం నుంచి ఊడిపడినవి కావు.

అపోహ: బాండ్లు రద్దయ్యాయిగా, ఇక సమస్య లేదు.

ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి. చాలా కంపెనీలు ఒకే ట్రస్టులో వేస్తే అది పార్టీలకి పంచుతుంది, ఇచ్చిన కంపెనీల పేర్లు తెలుస్తాయి గానీ ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి వెళ్లిందో తెలియదు. 20 వేల లోపు విరాళాలకి పేరు చెప్పక్కర్లేదు. అభ్యర్థి ఖర్చుకి పరిమితి ఉంది, లోక్‌సభకి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు మన రాష్ట్రాల్లో, పార్టీ ఖర్చుకి పరిమితే లేదు.

అయితే ఇప్పుడు చూసే దారి కొంత తెరుచుకుంది. మీ దగ్గర ఏదైనా కంపెనీ షేర్లుంటే వార్షిక నివేదిక తెరిచి, లాభనష్టాల ఖాతా నోట్సులో రాజకీయ విరాళాల లైను వెతకండి. పార్టీ పేరు లేకపోతే ఏజీఎంకి (షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశానికి) ముందే కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టండి, ఒక్క షేరున్నా అడగొచ్చు. పార్టీలు ఏటా ఇచ్చే విరాళాల నివేదికలు, ట్రస్టుల నివేదికలు ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటాయి. మీ జిల్లాలో భూమి కేటాయింపు జీవో బయటకొచ్చిన రోజు వీటిని కూడా పక్కన పెట్టుకుని చదవండి, అర్థం కాని లైను ఉంటే కింద రాయండి, నాకు తెలిసినంతలో చెప్తాను.