కిలో లెక్క పోయి కాగితం లెక్క వచ్చాక

నల్లగొండలో పాత నటుల ఉత్తరాల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. మద్రాసు రోజుల్లో ఒక నటుడు తోటి నటుడికి రాసిన చీటీలు, ఇన్‌ల్యాండ్ లెటర్లు ఇక్కడి ఒక రిటైర్డ్ టీచర్ దగ్గరున్నాయి. అవి తమ తండ్రికి వచ్చినవి కాబట్టి తిరిగివ్వాలని అందుకున్న నటుడి పిల్లలు అడుగుతున్నారు. పోయినసారి నలుగురు పెద్దలు కూర్చుని సర్దిచెప్పారు. ఈసారి నాలుగు చీటీల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి, లాయర్ నోటీసు వచ్చింది.

కోదాడ దగ్గరి గుడిబండ నుంచి కాంతారావు, తుంగతుర్తి నుంచి డాక్టర్ ప్రభాకర్ రెడ్డి మద్రాసు వెళ్లి పేరు తెచ్చుకున్న కథ జిల్లాలో అందరికీ తెలిసిందే. అది మళ్లీ చెప్పను. ఈ ఉత్తరాలు వాళ్లవేనని ఊళ్లో తిరుగుతున్న పుకారు మాత్రం తప్పు.

అసలు మలుపు హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉంది. ఆదివారం పాత పుస్తకాల బజారుకు మన టీచరు పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయేవారు. సినిమావాళ్ల పాత ఇళ్లు ఖాళీ అయినప్పుడల్లా పత్రికలు, స్క్రిప్టులు, ఉత్తరాలు అన్నీ ఒకే గోనెసంచిలో చిత్తు కాగితాల కింద తూకానికి పోయేవి. అక్కడి నుంచి ఫుట్‌పాత్‌కు చేరేవి. ఎవరు ఎవరికి రాశారని అడిగే నాథుడు లేడు. పాత సినిమా పత్రికల కట్ట కొంటే మధ్యలో ఈ ఉత్తరాలు దొరికాయంటారాయన. ఇచ్చిన డబ్బు టీ, టిఫిన్ ఖర్చంత కూడా కాదట.

2014 డిసెంబరులో అమెరికాలో ఒక వేలం జరిగింది. బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రోకు చేత్తో రాసిన ఉత్తరం 78 వేల డాలర్లకు పైగా పలికింది. అప్పటికే కెమెరా ఫోన్లు చేతుల్లోకి వచ్చాయి. ఫుట్‌పాత్ మీద కూడా కిలో లెక్క పోయి కాగితం లెక్క వచ్చింది. ఆటోగ్రాఫ్ అయితే దాచుకొమ్మని ఇచ్చేది, ఎంతమందికైనా ఇస్తారు. ఒక నటుడు ఇంకో నటుడికి అప్పు అడుగుతూనో, షూటింగ్‌లో అన్న మాటకు నొచ్చుకునో రాసిన చీటీ ఒక్కటే ఉంటుంది, పైగా మూడోవాడు చదువుతాడని అనుకోకుండా రాసింది. గిరాకీ అంతా అందుకే. నన్నడిగితే గొడవ పుట్టింది ఆ రోజుల్లోనే. తూకానికి పోయినప్పుడు ఆ కాగితాల ఊసెత్తినవాళ్లు లేరు.

తాము అమ్మలేదని, ఇల్లు ఖాళీ చేసిన పనివాళ్లే తీసుకుపోయారని కుటుంబం అంటోంది. రుజువు చూపలేదు. నిజానికి టీచరు దగ్గరా రసీదు లేదు. ఫుట్‌పాత్ మీద రసీదు ఎవరిస్తారు?

చట్టం దగ్గరికొస్తే ఇద్దరికీ ఇబ్బందే. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటలు రాసినవారివి. ఇంగ్లండ్‌లో 1741లోనే కవి పోప్ కేసులో ఈ తేడా తేల్చారు. మన 1957 కాపీరైట్ చట్టం కూడా మాటల హక్కు రాసినవారికే ఇచ్చింది. రచయిత పోయాక 60 ఏళ్లకు ఆ హక్కు తీరుతుంది. బతికుండగా అచ్చుకాని రచనకైతే ఆ 60 ఏళ్లు అచ్చయినప్పటి నుంచి లెక్క. కాబట్టి ఫొటోలు బయటపెట్టి టీచరు తప్పు చేశారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ తప్పు ఎవరి పట్ల? నోటీసు పంపినవాళ్లు అందుకున్న నటుడి పిల్లలు. రాసినాయన పిల్లలు కారు.

ఇప్పుడే ఈ తొందర ఎందుకంటే విదేశంలో ఉన్న ఒక తెలుగాయన కట్ట మొత్తం కొంటానన్నారట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు. కట్టలో అన్నిటికంటే పాత ఉత్తరం మీద 1952 తేదీ ఉంది. 2027లో దానికి 75 నిండుతాయి. ఈ లెక్క రెండు వైపులా తెలుసు.

ప్రస్తుతానికి కట్ట టీచరు గారి బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. అమ్మనని అంటున్నారు, తిరిగివ్వననీ అంటున్నారు. రాసిన నటుడి కూతురు చెన్నైలో ఉంటారు. ఆమెకు ఇంతవరకు ఏ వైపు నుంచీ ఒక్క ఫోన్ కూడా పోలేదు.