పాత సస్పెన్స్ సినిమాల సమీక్ష: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఉంటూ సినిమా సమీక్షలు రాసే నాకు, పాత సస్పెన్స్ చిత్రం గురించి రాసిన ప్రతిసారీ పాఠకుల నుంచి వినవచ్చే అభిప్రాయాలు ఇవి.

అపోహ: సస్పెన్స్‌కు ప్రాణం చివరి మలుపే, అది తెలిసిపోతే సినిమాలో చూడడానికి ఏమీ మిగలదు.

వాస్తవం: ట్రంకు రోడ్డు హాళ్లలో ఫస్ట్ షో చూసి వచ్చినవారు, సెకండ్ షో టిక్కెట్ల కోసం నిలబడ్డవారికి హంతకుడెవరో చెప్పి ఏడిపించడం మా ఊరి పాత సరదా. అలా చెప్పడం వల్ల ఆశ్చర్యం చెడుతుందే గాని ఉత్కంఠ చెడదు. హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ 1954లో తీసిన ‘డయల్ ఎమ్ ఫర్ మర్డర్’లో భార్యను చంపించడానికి పథకం వేసేది భర్తేనని మనకు మొదట్లోనే తెలుస్తుంది, తెలిసినందువల్లనే ఆ ఇంటి తాళంచెవి చేతులు మారినప్పుడల్లా ఊపిరి బిగబట్టి చూస్తాము. ఆయనదే 1958 నాటి ‘వర్టిగో’లోనైతే, సినిమా ఇంకా చాలా మిగిలి ఉండగానే, కథానాయకుడికి తెలియని రహస్యాన్ని ప్రేక్షకులకు చెప్పేస్తారు. కాబట్టి ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నది గమనించడమే సమీక్షకుడి మొదటి పని.

అపోహ: పాత సినిమాలు నత్తనడక నడుస్తాయి.

వాస్తవం: హిచ్‌కాక్‌దే ‘సైకో’ (1960)లో సుమారు 45 సెకన్ల స్నానాలగది హత్య ఘట్టంలో షాట్ యాభైకి పైగా సార్లు మారుతుంది. అయితే, బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో మాత్రమే కూర్చిన సంగీతంతో సహా ఆ ఘట్టం గురించి అందరూ రాసేశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తరువాతి నిదానమే. కథలో మోటెల్ నడిపే నార్మన్ ఒక కారును ఊబిలోకి నెట్టి, ఏదో నములుతూ గట్టున నిలబడి చూస్తుంటాడు. కారు సగానికి పైగా దిగి ఆగిపోతుంది. అతని దవడ కూడా ఆగిపోతుంది. ఆ కారు ఎవరిదో, అందులో ఏముందో చూడనివారి కోసం చెప్పను గాని, అది పూర్తిగా మునిగిపోతే బాగుండునని ఆ క్షణాన మనమే కోరుకుంటాము. నేరాన్ని కప్పిపుచ్చేవాడి పక్షాన మనల్ని నిలబెట్టిన ఆ విరామాన్ని ‘లాగ్’ అని కొట్టిపారేసే సమీక్షకుడు సినిమాను గడియారంతో కొలుస్తున్నాడన్నమాట.

అపోహ: అందరూ చూసిన సినిమాయే కనుక ముగింపు రాసేయవచ్చు.

వాస్తవం: కావలిలో డిగ్రీ చదువుతూ, వంశీ 1985లో తీసిన ‘అన్వేషణ’ను ఇంకా చూడని కుర్రవాడికి అది కొత్త సినిమాయే.

అపోహ: క్లాసిక్‌ను తప్పుపట్టకూడదు.

వాస్తవం: విడుదలైనప్పుడు మిశ్రమ స్పందన పొందిన ‘వర్టిగో’ 2012లో బ్రిటిష్ సినిమా పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ జరిపిన విమర్శకుల ఓటింగులో మొదటి స్థానానికి చేరింది, అంటే తీర్పులు మారుతూనే ఉంటాయి. ‘సైకో’ చివర మానసిక వైద్యుడు అంతా విడమరచి చెప్పే దీర్ఘ ప్రసంగం నాకు ఎన్నిసార్లు చూసినా అనవసరమనే అనిపిస్తుంది, సమీక్షలోనూ ఆ మాటే రాస్తాను.