వాగ్దానం కార్డు తీసుకున్నాక వచ్చే కష్టాలు: విశ్వాసం మీద మన సంఘాల్లోని అపోహలు - వాస్తవాలు

కడప జిల్లా పల్లె సంఘాల్లో పాస్టరుగా పని చేస్తున్నాను. ఆరాధన జరుగుతున్నంతసేపూ అడగని ప్రశ్నలు, అంతా అయిపోయాక చెప్పులు వేసుకునే చోట అడుగుతారు. బోరు ఎండిపోయింది, కొడుకు సీటుకు చిక్కొచ్చింది, అత్తగారింట్లో మాట పడాల్సి వచ్చింది, ఇలాంటివి. ఆ ప్రశ్నల్లో చాలావరకు బైబిల్లో ఒక్క ముక్క పట్టుకుని, దాని ముందూ వెనకా వదిలేయడం వల్ల పుట్టినవే.

అపోహ: డిసెంబరు 31 రాత్రి తీసిన వాగ్దానం, ఈ ఏడాదికి దేవుడు నాకిచ్చిన గ్యారంటీ.

పన్నెండు దాటగానే, ఒక్కో బైబిలు వచనం రాసిన కార్డుల పళ్ళెం వరుసల్లోకి వస్తుంది. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు, ఫోన్ లైటు వేసి చదువుకుంటారు, పక్కవాళ్ళకు ఏమొచ్చిందో తొంగి చూస్తారు. అందరూ కోరుకునే కార్డు యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు మన మేలు కోసమే, హాని కోసం కాదు అనే వచనం. మార్చిలో బోరు ఆగిపోతే ఆ కార్డు తీసినాయనే వచ్చి, "అయ్యగారూ, దేవుడు మాట తప్పినాడా?" అంటాడు.

వాస్తవం ఆ కార్డు మీద పట్టని చోట ఉంది. ఒక్క వచనం పైకి వెళ్తే 29:10లో డెబ్భై ఏళ్ళు అని రాసి ఉంది. ఇది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని తెచ్చిపడేసిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటుంది. త్వరలో ఇంటికి వెళ్ళిపోతారని ఊరించే ప్రవక్తలను నమ్మొద్దని కూడా అందులోనే ఉంది. డెబ్భై ఏళ్ళంటే, ఆ ఉత్తరం విన్న ముసలివాళ్ళు యెరూషలేమును మళ్ళీ చూడలేదన్న మాటే. అయినా వాగ్దానం తప్పలేదు. అది ఒక జనం మొత్తానికి, తరాల లెక్కన ఇచ్చిన మాట. ఏడాది లెక్కన పంచుకున్నది మనం.

నేనూ కార్డులు పంచుతాను, మానేయమనను. కాకపోతే కార్డు వెనక అధ్యాయం మొత్తం చదవమని రాయించాను. మత్తయి 4లో సాతాను కూడా 91వ కీర్తన నుంచి మంచి వాగ్దానమే తీసి చూపించాడు కదా. యేసు దానికి ఇంకో వచనంతో జవాబిచ్చాడు.

అపోహ: విశ్వాసం గట్టిగా ఉంటే జబ్బు నుంచి, కష్టం నుంచి విడుదల తప్పదు. విడుదల రాలేదంటే విశ్వాసంలోనే లోటు.

సాక్ష్యాల సమయంలో బాగైనవాళ్ళే మైకు దగ్గరికి వస్తారు. బాగవనివాళ్ళు వెనక వరుసలో కూర్చుంటారు. కాబట్టి ఈ అపోహ పెరగడంలో వింతేమీ లేదు.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీయండి. 34లో విశ్వాసంతో కత్తి నుంచి తప్పించుకున్నవాళ్ళు ఉన్నారు. 37లో అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్ళు ఉన్నారు. పత్రిక రాసినవాడు ఇద్దరినీ ఒకే జాబితాలో పెట్టాడు. అపొస్తలుల కార్యములు 12లో హేరోదు యాకోబును చంపించాడు, పేతురును మాత్రం దూత వచ్చి చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. యాకోబు కోసం ప్రార్థన తక్కువైందని ఎక్కడా రాయలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా అగ్నిగుండం ముందు నిలబడి, రాజుతో దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ బొమ్మకు మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" అనే మాట ఏ వాగ్దానం కార్డు మీదా నాకు కనబడలేదు.

అపోహ: అప్పులో ఉన్నప్పుడు విత్తన కానుక, అంటే విత్తనంలా ఎన్నో రెట్లు తిరిగొస్తుందని ఇచ్చే కానుక, వేస్తే అప్పు తీరుతుంది.

తీరదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, టీవీలో కనబడే క్యూఆర్ కోడ్‌కు పంపితే అప్పు ఇంకా పెరుగుతుంది. కానుక గురించి పౌలు రాసింది 2 కొరింథీ 8:12లో ఉంది: ఉన్నదాన్ని బట్టి ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదు. శనక్కాయ పంట పోయిన రైతు దగ్గర కానుక అడిగే బోధకుణ్ణి నేను బోధకుడనను.

అపోహ: టెన్షన్ పడినా, మాత్రలు వేసుకున్నా అవిశ్వాసమే.

కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా, ఆ తర్వాత చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్ళు పెట్టి, మళ్ళీ పడుకోనిచ్చాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు, తన తోటివాడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో వదిలి వచ్చాడు. లూకా వైద్యుడు. ఇక మా జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి కట్టింది సువార్త తెచ్చిన మిషనరీలే. నూనె రాసి ప్రార్థన చేస్తాను, షుగర్ మాత్ర మాత్రం ఆపొద్దంటాను. నిద్ర పట్టక, బతకాలనిపించక వచ్చినవాళ్ళకు ప్రార్థనతో పాటు, మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 కూడా ఇస్తాను.

అపోహ: ఎదురు తిరిగితేనే సాక్ష్యం.

పెళ్ళై వచ్చిన ఇంట్లో తానొక్కతే విశ్వాసి అయిన అమ్మాయి అడిగింది: "పండగ పూట అత్త ఓళిగలు పెడితే పళ్ళెం తోసేయాలా?" 1 కొరింథీ 10:27, 28 చదివాం. పెట్టింది ఆరా తీయకుండా తినొచ్చు. ఇది విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాళ్ళ కోసం మానేయాలి. "వద్దత్తమ్మా" అనడానికి గొంతు పెంచక్కర్లేదు. జవాబు సాత్వికంతో చెప్పాలని పేతురు రాశాడు. ఇంకో మాట కూడా ఆయనే రాశాడు, మనం దాన్ని త్వరగా దాటేస్తాం: పరుల జోలికి పోయి బాధపడితే అది క్రీస్తు కోసం పడిన బాధ కాదు. తెల్లవారుజామున మన మైకు సౌండు మీద పక్కింటివాళ్ళు పోలీసులకు చెబితే, దానికి విశ్వాసం కోసం పడిన హింస అని పేరు పెట్టకండి.

అపోహ: దేవుడు హృదయం చూస్తాడు, కులం సర్టిఫికెట్‌లో ఏముంటే ఏం?

రాయలసీమ సంఘాల్లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. తల్లిదండ్రులు మెల్లగా అడుగుతారు: "బాప్తిస్మం ఇవ్వండి, సంఘం రిజిస్టర్‌లో మాత్రం రాయొద్దు." వాళ్ళ భయానికి కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సీది 1 శాతం. ఒక కుటుంబానికి దీని అర్థం కాలేజీ సీటు, ఉద్యోగం. మతం మారినంత మాత్రాన ఊళ్ళో కులం పోదు కాబట్టి ఈ లెక్క అన్యాయమనే నా అభిప్రాయం. దాన్ని చట్టం దారిలో అడగడం అవిశ్వాసం కాదు. కొరడా దెబ్బల ముందు పౌలు కూడా తన రోమా పౌరసత్వం బయటపెట్టాడు.

అలాగని అబద్ధం రాసి, దానికి హృదయం పేరు చెప్పడం కుదరదు. గోపురం కట్టేవాడు ముందే ఖర్చు లెక్కేసుకుంటాడని యేసు అన్నాడు. అందుకే బాప్తిస్మానికి ముందే కూర్చోబెట్టి, ఏం పోతుందో ఇంట్లో అందరికీ చెబుతాను. ఇంకా సిద్ధంగా లేమంటే ఆగమంటాను, తక్కువగా చూడను. అరిమతయియ యోసేపు కూడా భయంతో రహస్య శిష్యుడిగానే ఉన్నాడు. సిద్ధమైనవాళ్ళకు బీసీ-సీ సర్టిఫికెట్ కోసం గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవడంలో సంఘం పిల్లలే తోడు వెళ్తారు. రిజిస్టర్‌లో పేరు మార్చి రాయమంటే మాత్రం రాయను.