కొత్త రీఫ్ ట్యాంకులో తొలి నివాసులు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో రీఫ్ ట్యాంకులు, అంటే సముద్రపు చేపలూ పగడాలూ పెంచే ఉప్పునీటి ట్యాంకులు అమర్చడం, వాటి బాగోగులు చూడడం నా వృత్తి. ట్యాంకు పెట్టిన మూడో వారంలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకే రకమైన ఫోను వస్తుంది. ఈమధ్య పెరంబూరు నుంచి ఒక పెద్దావిడ చేశారు. "బాబూ, ఇసుకంతా రాగిపిండి చల్లినట్టు అయిపోయింది. నీళ్లన్నీ తోడేసి రాళ్లు ఒకసారి శుభ్రంగా కడిగిపెట్టవా?" అన్నారు. ఆవిడ మురికి అనుకున్నది ఆ ట్యాంకులో కంటికి కనిపించేలా పుట్టిన మొదటి ప్రాణం. "అమ్మా, దయచేసి కడగకండి, సాయంత్రం నేనే వస్తాను" అని చెప్పి బయలుదేరాను. అక్కడ చెప్పిన సంగతులే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ట్యాంకులోకి మొదట వచ్చేది చేప.

చేపకు ముందు బ్యాక్టీరియా రావాలి. చేప విసర్జించినదీ, తినగా మిగిలిన మేతా కుళ్లి అమ్మోనియాగా మారతాయి. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి చాలావరకు నీటిలో తేలుతూ ఉండవు, రాళ్ల రంధ్రాల్లోనూ ఇసుక రేణువుల మీదా అతుక్కుని బతుకుతాయి. అందుకే కొంత నీరు మార్చినా వాటికి పెద్దగా నష్టం లేదు గానీ, రాళ్లను కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి అన్ని వారాల పెంపకమూ పోతుంది. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేను అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) దాకా తెచ్చి, అది 24 గంటల్లో సున్నాకు దిగిపోయి, నైట్రైట్ కూడా సున్నా చూపించేదాకా ఒక్క చేపను కూడా వదలను.

అపోహ: గట్టి ప్రాణం కాబట్టి ముందు డామ్సెల్ చేపలు వేసి, వాటి అమ్మోనియాతోనే బ్యాక్టీరియాను పెంచవచ్చు.

ఈ సలహా వినపడినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది. అమ్మోనియా చేప మొప్పలను కాలుస్తుంది. పైగా నీటి క్షారగుణాన్ని చూపే పీహెచ్ పెరిగేకొద్దీ దానిలో విషరూపం వాటా పెరుగుతుంది కాబట్టి, టెస్ట్ కిట్‌లో అదే అంకె వచ్చినా, పీహెచ్ 8.2 దగ్గర ఉండే సముద్రపు నీటిలో అది మంచినీటి ట్యాంకులో కంటే చాలా ప్రమాదకరం. డామ్సెల్ చచ్చిపోకపోవడానికి కారణం దాని ఓర్పే తప్ప, దానికి నొప్పి లేకపోవడం కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం, దుకాణంలో చెప్పిన మాట నమ్మి మూడు నీలి డామ్సెల్‌లను వేసింది. రెండు పోయాయి, మిగిలినది ట్యాంకంతా తనదే అన్నట్టు, తర్వాత వచ్చిన క్లౌన్ చేపల రెక్కలు కొరికేసింది. దాన్ని పట్టుకోవడానికి రాళ్లన్నీ బయటికి తీయవలసి వచ్చింది.

అపోహ: గోధుమరంగు పొర పట్టిందంటే ట్యాంకు పాడైనట్టే.

ఆ పొర డయాటమ్‌లది. ఇవి సిలికాతో గాజులాంటి పెంకు కట్టుకునే ఏకకణ జీవులు. కొత్త ఇసుక నుంచీ, సరిగా శుద్ధి కాని నీటి నుంచీ వచ్చే సిలికేట్ ఉన్నంతకాలం పెరుగుతాయి, అది తగ్గగానే పలచబడతాయి. పొర నెలలు గడిచినా వదలకపోతే ముందు నీటిని అనుమానించాలి. చెన్నైలో బోరు నీరూ లారీ నీరూ వాడే ఇళ్లే ఎక్కువ. తాగునీటి ఆర్వో యంత్రాల్లో చాలావరకు రుచి కోసం కొంత లవణాన్ని నీటిలో ఉండనిస్తాయి. ట్యాంకుకు మాత్రం ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా కూడా వచ్చి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించే నీరే కావాలి.

డయాటమ్‌ల తర్వాత పచ్చ నాచు వస్తుంది, దాన్ని మేయడానికి రొయ్యలకు దూరపు బంధువులైన అతి చిన్న ప్రాణులు, కోపెపాడ్‌లు పెరుగుతాయి. లైటు ఆరిన గంట తర్వాత టార్చి వేసి అద్దానికి కళ్లు ఆనించి చూస్తే, బొంబాయి రవ్వ పలుకు కన్నా చిన్నవైన తెల్లటి చుక్కలు ఆగి ఆగి గెంతుతూ కనిపిస్తాయి. నత్తలను ఈ దశలోనే వేయాలి. నాచు పుట్టకముందే వేస్తే అవి ఆకలితో చచ్చి, వాటి అమ్మోనియా కూడా ట్యాంకు మీదే పడుతుంది. రాళ్ల సందుల్లో తిరిగే ముళ్ల పురుగులను చూసి చాలామంది భయపడతారు. వాటిలో ఎక్కువ భాగం మిగిలిన మేతను తిని శుభ్రం చేసేవే. చేత్తో మాత్రం ముట్టుకోకూడదు.

అపోహ: నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా ఉంటేనే మంచి ట్యాంకు.

కొత్తవాళ్లు పట్టుదలతో చేసే తప్పు ఇది. పోషకాలు బొత్తిగా లేకపోతే మంచి నాచు, బ్యాక్టీరియా బలహీనపడి, ఆ ఖాళీలోకి మరో రకం ఏకకణ జీవులైన డైనోఫ్లాజెల్లేట్‌లు చొరబడే ప్రమాదం ఎక్కువ. డయాటమ్ పొర పిండిలా ఉంటుంది, వేలితో కదిలిస్తే లేచిపోతుంది. డైనోఫ్లాజెల్లేట్‌లు మాత్రం జిగట తీగల్లా సాగుతాయి, వాటిలో గాలిబుడగలు చిక్కుకుని ఉంటాయి. వీటిని తినే నత్తలు కొన్నిసార్లు చచ్చిపోతాయి కూడా. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంటే నేను సంతోషిస్తాను.

అపోహ: సముద్రం పక్కనే ఉంది కాబట్టి నీళ్లూ రాళ్లూ అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు.

మెరీనాకు ఉత్తరాన కూవం, దక్షిణాన అడయారు సముద్రంలో కలుస్తాయి; ఈశాన్య రుతుపవనాల్లో ఒడ్డు నీటిలో ఉప్పు శాతం కూడా పడిపోతుంది. శుద్ధ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్ర లవణం కలుపుకోవడమే క్షేమం. రాళ్ల విషయం ఇంకా ముఖ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో గట్టి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిందని ఎవరైనా పగడపు రాయి చూపిస్తే కొనవద్దని చేతులు జోడించి చెబుతాను. సిరామిక్ రాళ్లు పెట్టి, బాగా కుదురుకున్న, రోగాలు లేని ట్యాంకు నుంచి గుప్పెడు ఇసుక తెచ్చి వేస్తే చాలు, ప్రాణం నెమ్మదిగా అయినా తప్పక వస్తుంది.

ఇక మొదటి చేపగా నేను ట్యాంకులోనే పుట్టి పెరిగిన క్లౌన్ జతను సూచిస్తాను. వాటి చేత గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించింది. సముద్రంలో అవి ఆశ్రయం పొందే ఎనిమోనీ అనే జీవి వాటికి ట్యాంకులో అవసరం లేదు. ఎనిమోనీని ఏడాదిలోపు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. మాండరిన్ చేప అందాన్ని చూసి మొదటి నెలలోనే అడిగేవారు ఎందరో ఉన్నారు. అది పగలంతా కోపెపాడ్‌లనే ఏరుకు తింటుంది కాబట్టి, కొత్త ట్యాంకులో వారాల తరబడి చిక్కి, పొట్ట లోపలికి పీక్కుపోయి చచ్చిపోతుంది.

పెరంబూరు ట్యాంకులో తొమ్మిదో వారానికి ఇసుక తెల్లబడింది. నత్తలు నాలుగు వేశాం. రాత్రి లైటు ఆరాక ఆ పెద్దావిడే మనవడిని పిలిచి అద్దం మీద చుక్కలు చూపిస్తున్నారట. క్లౌన్ జత ఇంకా నా దగ్గర వేరే తొట్టిలోనే ఉంది. తెల్లమచ్చల రోగం లేదని తేలాక తీసుకెళ్తాను.